ఆ ఆఖరి మ్యాచ్

2024 ఏప్రిల్ 17 రాత్రి నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టెంపే నగరంలోని ములెట్ అరీనా. యూనివర్సిటీ జట్టు కోసం కట్టిన చిన్న స్టేడియం, ఐదు వేల మంది కూడా పట్టరు. పక్ (ఐస్ హాకీలో కొట్టే రబ్బరు బిళ్ల) గోడకు తగిలితే ఆ చప్పుడు గుండెల్లో వినిపించేది. మా ఐస్ హాకీ జట్టు అరిజోనా కొయోటీస్ అమ్ముడుపోతోందని, జట్టు మొత్తం సాల్ట్ లేక్ సిటీకి వెళ్లిపోతోందని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. వెళ్తారా, ఉంటారా అని అంతకుముందు ఎన్ని రోజులు టెన్షన్ పడ్డామో! 2023 మేలో టెంపే ఓటర్లు కొత్త స్టేడియం వద్దన్నప్పుడే నా మనసు కీడు శంకించింది.

క్రికెట్ తప్ప మరో ఆట ఎరుగని నాకు, ఈ ఎడారిలో మంచు మీద ఆటను అలవాటు చేసింది ఈ జట్టే.

నా పక్క సీట్లో ఒక పెద్దాయన. 1996లో జట్టు కెనడాలోని విన్నిపెగ్ నుంచి ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నారట. ఆయన జెర్సీ మీద కొయోటీ బొమ్మ వెలిసిపోయి, అంచున దారాలు లేచిపోయాయి. ఎడ్మంటన్ మీద 5-2తో గెలిచాం. అందరూ లేచి అరుస్తున్నా ఆయన మాత్రం కూర్చునే ఉన్నారు, ఆ దారాలను వేలితో సర్దుకుంటూ. "మా అబ్బాయి చిన్నప్పుడు కొన్నాను దీన్ని" అన్నారు. నాకు మాట రాలేదు.

మర్నాడే ఈ జట్లన్నీ ఆడే ఎన్‌హెచ్‌ఎల్ లీగ్ అమ్మకానికి ఒప్పుకుంది. ధర 120 కోట్ల డాలర్లు.

విన్నిపెగ్ వాళ్లకు 2011లో అట్లాంటా జట్టు వచ్చింది, తమ జట్టు పోయిన 15 ఏళ్ల తర్వాత. మేమూ ఎదురుచూస్తాం. నా జెర్సీ బీరువాలోనే ఉంది.