అమ్మ తుంటిలో టైటానియం

అమ్మ అరుగు మెట్టు మీద జారి పడింది. అంతే, తుంటి ఎముక విరిగింది. అమలాపురం నుంచి కాకినాడ దాకా నా చెయ్యి వదల్లేదు. ఎముకల గట్టిదనం చూసే పరీక్షలో టి స్కోరు మైనస్ 3.1 వచ్చింది. మైనస్ 2.5కి దిగితే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు అంటారు.

ఆపరేషన్ చేసి టైటానియం రాడ్డు వేశారు. లోహం గట్టిదే, దాన్ని పట్టుకోవాల్సిన ఎముకే గుల్లబారిపోయింది. గోదారి ఇసుకలో గుంజ పాతినట్టు అనిపించి రాత్రంతా ఒకటే టెన్షన్.

డాక్టరు గారు ఒక సంగతి చెప్పారు. టైటానియం మీద సన్నని పూత వేసి, ఎముకను తినేసే కణాలను ఆపే జోలెడ్రోనిక్ ఆసిడ్ లాంటి మందును అందులో పెడతారట. అది రాడ్డు చుట్టూ ఉన్న ఎముకకే మెల్లమెల్లగా అందుతుంది. లోహం పైనే కంటికి కనపడనంత సన్నని గొట్టాలు తయారుచేసి వాటిలో మందు దాచే పద్ధతి కూడా ఉంది. ఎంత మంచి ఆలోచన! చాలావరకు ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి. అమ్మకు వేసింది మామూలు రాడ్డే.

అందుకే ఎముక ఇంకా గుల్లబారకుండా వారానికో మాత్ర. పరగడుపున, నిండు గ్లాసు నీళ్లతో. తర్వాత అరగంట పడుకోకూడదు, కాఫీ కూడా తాగకూడదు. ఆ అరగంటా పక్కనే కూర్చుంటున్నాను. నిన్న వాకర్ పట్టుకుని పెరట్లో కొబ్బరిచెట్టు దాకా నడిచింది.