ఇంట్లో ఏమన్నా గొడవలా అమ్మా?

ఇప్పుడు బాగానే ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. అప్పట్లో రాయాలనుకున్నా పెన్ను పట్టుకుందామంటే వేళ్లు మాట వినేవి కావు. ఈ మధ్య ఎవరు కనపడ్డా ఒకటే మాట, "నీ విల్‌పవర్‌కి దండం పెట్టాలి, ఇంకొకళ్లయితే మంచానికే అతుక్కుపోయేవాళ్లు" అని. అభిమానంతోనే అంటారు, కాదనను. కానీ ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

నాకు వచ్చింది గులియన్ బారే సిండ్రోమ్, జీబీఎస్ అంటారు. 2025 జనవరిలో పుణెలో చాలామందికి ఒకేసారి వచ్చి టీవీల్లో మోగిపోయింది చూడండి, అదే. విరేచనాలో జలుబో తగ్గిన కొన్నాళ్లకి, క్రిముల మీద పోరాడాల్సిన మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరబడి మన నరాల మీదే పడుతుంది. ఏడాదికి లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వస్తుందంట, ఆ ఒకరూ మా ఇంట్లోనే ఉండాల్సొచ్చింది. అంటువ్యాధి మాత్రం కాదు. ఇది ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, మా వీధిలో ఒకావిడ నేను కుట్టిచ్చిన జాకెట్లు వేడినీళ్లలో వేసి ఉడకబెట్టింది.

మాది నరసరావుపేట. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను, చీరలకి ఫాల్స్ వేస్తాను. విరేచనాలు తగ్గిన వారానికి కాళ్ల వేళ్ల చివర తిమ్మిరి మొదలైంది. ఎక్కువసేపు కూర్చున్నందుకేలే అనుకున్నాం. ఆ సాయంత్రం మిషను తొక్కుతుంటే మడమ కిందికి వెళ్తోంది గానీ వేళ్లు పైకి లేవడంలేదు, చక్రం ముందుకి ఒక చుట్టు తిరిగి వెనక్కి తిరిగి దారం తెంపేస్తోంది. మర్నాడు బాత్రూంలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. లేవలేను. మా ఆయన తలుపు బోల్టు ఊడగొట్టి లేపాడు.

మొదట వెళ్లిన ఆస్పత్రిలో బీపీ చూశారు, షుగర్ చూశారు, రక్తం తీశారు, అన్నీ నార్మల్. డ్యూటీ డాక్టరు కుర్రాడు రిపోర్టులు తిరగేసి, "ఇంట్లో ఏమన్నా గొడవలా అమ్మా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే మా ఆయన వైపు తిరిగి, "ఆడవాళ్లకి టెన్షన్ ఎక్కువైతే ఇలాగే కాళ్లు పడిపోయాయంటారండీ, ఒక సెలైన్ పెట్టి పంపిస్తాను" అన్నాడు. పక్కనే ఉన్న మా ఆడపడుచు ఊరుకుందా, "నిన్న అమ్మతో ఏదో మాటామాటా వచ్చిందిగా వదినకి" అని అందించింది. వచ్చిన మాట పప్పులో ఉప్పు గురించి.

ఆటోలో ఇంటికొస్తుంటే మా ఆయన మెల్లగా అడిగాడు, "నేనేమన్నా అన్నానా నిన్ను?" అని. ఆయన తప్పేం లేదు, తెల్లకోటు వేసుకున్నవాడు చెప్పాడు కదా. నన్ను ఇప్పటికీ వదలనిది అది కాదు. ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకుని నన్ను నేనే పరీక్ష చేసుకున్నాను చూడండి, అది. నిజంగా నటిస్తున్నానా? నాకు తెలియకుండానే? నటనైతే ఆపెయ్యొచ్చుగా అని దుప్పటి కింద బొటనవేలు కదపడానికి పళ్లు బిగబట్టి ప్రయత్నించాను. కదల్లేదు. కదలకపోతే నాకు కొంచెం సంతోషం కూడా వేసింది, నేను అబద్ధం చెప్పడంలేదని. ఒక మనిషికి తన కాలు పడిపోయినందుకు సంతోషం కలిగేలా మాట్లాడిన ఆ డాక్టరుని ఏమనాలో నాకు ఇంకా తెలియడంలేదు. మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో ఒక్కసారి కొట్టి చూస్తే తెలిసిపోయేది. అర నిమిషం పని.

తెల్లారేసరికి చేతులు కూడా సగం పోయాయి, కాఫీ గ్లాసు జారిపోయింది. మా తమ్ముడు కారు తీసుకొచ్చి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గుంటూరులో న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన చేసిన మొదటి పని సుత్తి తీయడం. మోకాలి దగ్గర కొట్టాడు, మడమ దగ్గర కొట్టాడు, కాలు ఉలకలేదు పలకలేదు. "విరేచనాలు ఏమన్నా అయ్యాయా అమ్మా ఈమధ్య?" అని అడిగాడు. ఇతను గొడవల గురించి అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. తర్వాత కరెంటు షాకుల టెస్టు, నడుములో సూది పెట్టి నీరు తీయడం, అవన్నీ జరిగాయి. నడుము నీటి పరీక్ష మొదటి వారంలో మామూలుగానే రావచ్చు, దాని కోసం ఆగక్కర్లేదని చెప్పి ఐసీయూలో పడేశారు.

ఇక ఆ రాత్రి గురించి చెప్పాలి. ఈ జబ్బు కాళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. పాకి పాకి ఊపిరి తీసే కండరాల దాకా వస్తే వెంటిలేటరే. నలుగురైదుగురిలో ఒకరికి అలా అవుతుందంట. అది ఎంతదాకా వచ్చిందో చూడటానికి నైట్ డ్యూటీ సిస్టర్ గంటగంటకీ వచ్చి, "ఊపిరి బాగా పీల్చుకుని ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టండమ్మా" అనేది. బాగున్నవాళ్లు నలభై దాకా అలవోకగా చెప్తారు, మీరూ చెప్పి చూడండి. నేను మొదటిసారి ఇరవై ఆరు దాకా వెళ్లాను. తర్వాత ఇరవై ఒకటి. అర్ధరాత్రి దాటాక పదిహేడు. మత్తు డాక్టరు వచ్చి నా కాళ్ల దగ్గర నిలబడ్డాడు, పక్కన ట్రాలీలో గొట్టం సిద్ధంగా ఉంది, దాని మీద పచ్చగుడ్డ కప్పారు గానీ అది గొట్టమేనని తెలుస్తూనే ఉంది. మొహం కూడా పడిపోయింది, కళ్లు మూసుకుందామంటే రెప్పలు కలవడంలేదు. కళ్లు మూసుకోవడానికి కూడా లేకుండా భయపడటం ఎలా ఉంటుందో నాకు చెప్పడం రాదు.

మళ్లీ పదిహేడు. ఇంకో గంటకి పదహారు. సిస్టర్ నా చెయ్యి పట్టుకుని, "పడిపోవట్లేదమ్మా, ఆగింది, చూద్దాం" అని డాక్టరుతో ఏదో వాదించింది. రెప్పలు ఎండిపోకుండా మందు వేసి ప్లాస్టరు అంటించింది. నా చెవి దగ్గర కూర్చుని, తనకి ఇద్దరు ఆడపిల్లలనీ పెద్దదానికి ఎక్కాలు రావనీ చెప్తూ పోయింది. తెల్లవారేదాకా ఆ అంకె అక్కడక్కడే తిరిగింది. గొట్టం వెయ్యలేదు. ఆవిడ పేరు నాకు తెలియదు, అడుగుదామంటే పెదాలు కలిసేవి కావు, వార్డుకి మారాక మా తమ్ముడు వెళ్తే డ్యూటీ మారిందన్నారు. ఈ జబ్బుని 1916లో ఇద్దరు ఫ్రెంచి సైనికుల్లో చూసి ముగ్గురు డాక్టర్లు రాశారంట, గులియన్, బారే, స్ట్రోల్ అని. మూడో ఆయన పేరు వాడుకలో జారిపోయింది. నా కథలో పేరు జారిపోయిన మనిషి ఆ సిస్టర్.

మందు పేరు ఇమ్యునోగ్లోబ్యులిన్. మనిషి బరువు చూసి, కేజీకి మొత్తం రెండు గ్రాముల చొప్పున లెక్కేసి, దాన్ని అయిదు రోజులకి పంచి సీసాల్లో ఎక్కిస్తారు. లక్షల్లో అయింది. గాజులు బ్యాంకుకి వెళ్లాయి, మా తమ్ముడు స్కూటీ కొనుక్కుందామని దాచుకున్నది వెళ్లింది. ఆ మందు వేలమంది ఇచ్చిన ప్లాస్మా కలిపి తయారుచేస్తారని తర్వాత తెలిసింది. వాళ్లెవరో, వాళ్ల కులమేదో, ఊరేదో, ఇప్పుడు నా ఒంట్లో తిరిగారు. స్టెరాయిడ్లు దీనికి పనిచెయ్యవు. అవి ఇస్తే చాలని వాదించిన మా బంధువుల డాక్టరు ఇంకా మాతో మాట్లాడటంలేదు, మంచిదే.

అందుకే విల్‌పవర్ అంటే కోపం. నాకన్నా గట్టి మనిషి ఎవరైనా మూడు రోజులు ఆలస్యంగా వెళ్తే? బ్యాంకులో పెట్టడానికి గాజులు లేకపోతే? వాళ్లకి మనోబలం చాలలేదని చెప్తామా? నేను ధైర్యంగా ఏమీ లేను. వార్డులో దుప్పటి అంచు తగిలినా అరికాళ్లు మండుతుంటే నర్సుల మీద అరిచాను. అన్నం పెట్టడానికి వచ్చిన అత్తయ్య చేతిని మొహం తిప్పి కాదన్నాను. ఆవిడ ఏమీ అనకుండా మళ్లీ కలిపి, మళ్లీ పెట్టేది. పప్పులో ఉప్పు సరిగానే ఉండేది అప్పుడు, అది కూడా చెప్పాలి.

ఇంటికొచ్చాక వచ్చేది ఫిజియోథెరపీ అమ్మాయి. "ఆంటీ, మీరు కష్టపడితే తొందరగా వస్తుందనుకోకండి, అలిసేదాకా చేస్తే మర్నాడు మొత్తం పోతుంది" అనేది. నరం లోపలిదాకా దెబ్బతింటే రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందంట. ఎంత తిట్టినా ఎంత బతిమాలినా అంతే. ఒకరోజు మూల ఉన్న మిషను చూసి, బెల్టు తీసేసి, సూది తీసేసి, ఉత్త తొక్కుడు తొక్కమంది. మొదట రెండు చేతులతో నా పాదం పట్టుకుని తనే వేళ్లు పైకి లేపేది. ఇంకోరోజు జాకెట్టు హుక్కులు ఒక గిన్నెలో పోసి ఏరమంది. హుక్కు పట్టుకున్నట్టే ఉంటుంది, చూస్తే వేళ్ల మధ్య ఏమీ ఉండదు. ఒక మధ్యాహ్నం అంతా అదే పని. మొదటి హుక్కు గిన్నెలోంచి బయటికొచ్చి నేల మీద టక్కున పడిన చప్పుడు వినగానే లోపల్నుంచి అత్తయ్య "పడిందా?" అని అరిచింది.

చదివేవాళ్లకి ఒక మాట. రెండు కాళ్లూ ఒకేసారి తిమ్మిరెక్కి బలం తగ్గి, అది పైకి పాకుతుంటే కాల్షియం బిళ్లలతో ఆగకండి, పసరు మందులకి తిరగకండి. అదేరోజు నరాల డాక్టరు ఉన్నచోటికి వెళ్లండి, సుత్తితో కొట్టి చూడమని అడగండి. సిగ్గుపడకండి అడగడానికి. ఎక్కువమంది ఆరు నెలలు తిరిగేసరికి నడుస్తారు. నడిచినా అలసట మాత్రం చాలాకాలం వదలదు, అది బద్ధకం కాదని ఇంట్లోవాళ్లకి ముందే చెప్పుకోండి.

అత్తయ్య కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామికి మొక్కుకుంది, నన్ను మెట్లదారిన ఎక్కిస్తానని. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆయన్ని నేనూ తిట్టాను, మొక్కాను, రెండూ ఒకే గంటలో. డిశ్చార్జి అయ్యాక ఘాట్ రోడ్డు మీద కారులో వెళ్దామంటే మొక్కు చెల్లదంది. చివరికి మెట్లు ఆవిడ ఎక్కేట్టు, నేను కారులో వెళ్లి పైన ఎదురుచూసేట్టు ఒప్పందమైంది. స్వామి ఏమీ అనుకోలేదనే నా నమ్మకం.

డిశ్చార్జి కాగితం జిరాక్స్ తీయించి ఆ మొదటి ఆస్పత్రి కౌంటర్‌లో ఇచ్చొచ్చాను, ఆ కుర్ర డాక్టరుకి అందజెయ్యమని. అందిందో లేదో. మిషనుకి మా తమ్ముడు మోటారు పెట్టించాడు. శ్రావణమాసం ఆర్డర్లు తీసుకుంటున్నాను గానీ మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటాను, రాత్రి తొమ్మిది దాటాక మిషను ఎక్కను. "అర్జెంటు వదినా, రేపు పెళ్లికి" అని మొన్న మా ఆడపడుచే వచ్చింది. పక్కవీధి టైలరు అడ్రసు చెప్పాను.