గాలి ఆగితే తలుపు తీయొద్దు

హిమాచల్‌లో, మనాలి పైన సోలంగ్ దగ్గర పోలీసులు మా బండి ఆపేశారు. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసిన మంచు ఆ ఉదయమే తెరిపి ఇచ్చింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. కురుస్తున్నప్పుడు గదిలోనే ఉండమన్నారు, ఉన్నాం. ఇంత ఎండ కాస్తుంటే ఆపడమేమిటని ఒళ్లు మండిపోయింది. టాక్సీకి నాలుగున్నర వేలు, అద్దె బూట్లకూ కోటుకూ మనిషికి నాలుగు వందలు. మర్నాడు సాయంత్రమే ఢిల్లీ బస్సు. తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి అవతల లాహౌల్ లోయలోని సిస్సులో దిగాలని మా తమ్ముడు ఏడాదిగా అంటున్నాడు.

డ్రైవరుది లాహౌల్. 2020లో ఆ సొరంగం తెరిచేదాకా చలికాలమంతా రోహ్‌తాంగ్ కనుమ అవతల చిక్కుబడిపోయిన ఊళ్లలో పెరిగినవాడు. "దీదీ, గ్లేసియర్ వచ్చే రోజు ఇదే" అన్నాడు. హిమానీనదం రావడమేమిటో నాకు అర్థం కాలేదు. కొండ మీది మంచు ఒక్కసారిగా విరిగి దిగడాన్ని అక్కడివాళ్లు అలాగే అంటారట. మనమేమో దానికీ హిమపాతమే అంటాం, ఊరికే మంచు కురిసినా హిమపాతమే అంటాం. అందుకేనేమో, కురవడం ఆగితే గండం గడిచిందనుకున్నాను.

చక్రాల కింద మంచు తీయడానికి డిక్కీలో పెట్టుకున్న పార తీసి, రోడ్డు దిగి ఎవరూ తొక్కని చోట మంచును నిలువుగా కోశాడు. పైన రెండు మూరల కొత్త మంచు, దూదిలా ఉంది. దాని కింద వేలెడు మందాన మసక చార. "ఇక్కడ గీరండి" అన్నాడు. గీరితే పంచదార పలుకుల్లా జలజల రాలింది. పిడికిట్లో ఎంత నొక్కినా ముద్ద కట్టలేదు. మబ్బు లేని చలి రాత్రుల్లో పాత మంచు అలా పలుకులుగా మారి పట్టు కోల్పోతుందట. ఇప్పుడు దాని మీద రెండు రోజుల బరువు కూర్చుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీలుంటే, ఎండకు పైపొర కాస్త సడలినా, ఒక మనిషి అడ్డంగా నడిచినా చాలు, మొత్తం పొర ఆ పలుకుల మీదుగా జారిపోతుంది. కొండల్లో మంచు జారే ప్రమాదాన్ని ముందే చెప్పే రక్షణ శాఖ సంస్థ, డీజీఆర్‌ఈ వాళ్ల హెచ్చరిక అతని ఫోనులో పొద్దున్నే ఉంది.

ఎదుటి కొండ మీద దేవదారుల మధ్య పాపిడి తీసినట్టు ఒక తెల్లని చార. స్కీయింగ్ కోసం చెట్లు కొట్టేశారేమో అనుకున్నాను. కాదట, మంచు దిగే దారి అది. మళ్లీ మళ్లీ దిగుతుంటే అక్కడ చెట్టెలా ఎదుగుతుంది?

మా అమ్మమ్మది దివిసీమ. 1977 ఉప్పెన చూసిన మనిషి. తుఫాను రాత్రి హోరు ఒక్కసారిగా ఆగిపోతే అందరం తలుపు వైపు చూసేవాళ్లం. "గాలి ఆగితే తలుపు తీయొద్దు" అని గడియకు అడ్డంగా కూర్చునేది. ఆ నిశ్శబ్దం తుఫాను నడిమి కన్నుదని, అది దాటాక గాలి రెండో వైపు నుంచి కొడుతుందని ఆవిడకు తెలుసు. ఆ మాట విని పెరిగిన నేను ఇక్కడ గంటసేపు పోలీసులతో వాదించాను.

పన్నెండు దాటాక, సొరంగానికి ఇవతల ఉన్న ధుంధీ వైపు ఎత్తున తెల్లని పొగ లేచింది. కాసేపటికి లారీ కంకర దించినట్టు చప్పుడు. అంతవరకు హారన్లు మోగించిన వరుసంతా నిశ్శబ్దమైపోయింది. కూరుకుపోయినవాళ్లను పావుగంటలో తీయగలిగితే చాలామంది దక్కుతారని, ఆ తర్వాత ఆశ వేగంగా సన్నగిల్లుతుందని, ఆగిన మంచు సిమెంటులా బిగుస్తుందని డ్రైవరు మెల్లగా చెప్పాడు. తమ్ముడు "వెనక్కి వెళ్లిపోదాం అక్కా" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం చక్రాలకు చెయిన్లు కట్టిన బండ్లను వదిలారు. వెళ్లి రావడానికి మాకు సమయం చాలలేదు. బస్సు మండి దాటుతుండగా డ్రైవరు ఫొటో పంపాడు. రోడ్డు పక్కకు నెట్టిన మంచు పెళ్లలు మనిషెత్తున ఉన్నాయి. వాటి మధ్య నుంచి ఒక దేవదారు, వేళ్లతో సహా, తలకిందులుగా పొడుచుకొచ్చి ఉంది.