గాజువాక గదిలో మా రాక్ బ్యాండ్

కాలేజీ ఫెస్టుల్లో ఇంగ్లీషు కవర్లు, అంటే వేరే బ్యాండ్ల పాటలు, వాయించినంత కాలం మాకు ఏ పేచీ లేదు. గిటార్ మోతను గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్ నొక్కితే చాలు, ముందు వరస కుర్రాళ్లు ఊగిపోయేవారు. సొంత పాటలు, అవీ తెలుగులో అనుకున్నాకే కథ అడ్డం తిరిగింది.

ప్రాక్టీసుకు గాజువాకలో మేడ మీద గది తీసుకున్నాం. అందరిలాగే గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించాం. లోపల ప్రతిధ్వని కాస్త తగ్గిందేమో గానీ బయటికి పోయే చప్పుడు మాత్రం తగ్గలేదు. దాన్ని ఆపేది గోడ బరువే, అట్టల వల్ల కాదు. "ఏటి బాబూ, పిల్లకి పరీక్షలు" అంటూ కింది వాటా ఆవిడ పైకి వస్తే డ్రమ్మర్ చప్పుడు తక్కువ చేసే రబ్బరు ప్యాడ్ మీదకు మారిపోయేవాడు. ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టడం ఇంకో ఖర్చు. వైజాగ్‌లో గిటారు వాయించేవాళ్ల బ్యాగులో పొడిగుడ్డ ఉండాల్సిందే.

అసలు తంటా పాటతో వచ్చింది. మాకు అలవాటైన నాలుగు బీట్ల మీద తెలుగు మాటలు పెడితే దీర్ఘాలు నలిగిపోయేవి, హ్రస్వాలు సాగేవి. సింగర్ ఎంత గట్టిగా అరిచినా డబ్బింగ్ పాట విన్నట్టే ఉండేది.

మా బేసిస్టుది శృంగవరపుకోట దగ్గర పల్లె. జాతరకు రమ్మంటే భోజనం మీద ఆశతోనే వెళ్లాం. అక్కడ మా ఉత్తరాంధ్ర జానపద కళ తప్పెటగుళ్లు చూశాం. రేకు గుళ్లు గుండెకు కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, గెంతుతూ పాడుతున్నారు. గురువు పాదం ఎత్తుకున్నప్పుడు వాద్యం తగ్గుతోంది, పాదం ముగియగానే విరుచుకుపడుతోంది. మా డ్రమ్మర్ తొడ మీద ఆరు లెక్కపెట్టుకుంటూ, "మనం మాట మీదే గిటార్ రుద్దేస్తన్నాంరా" అన్నాడు.

తిరిగొచ్చాక పాటలన్నీ విప్పేశాం. చరణంలో బేస్, డ్రమ్స్‌లో నేల మీద నిలబెట్టే పెద్ద ఫ్లోర్ టామ్ మాత్రమే, ఆరు లెక్కలో. గిటార్ పాదాల మధ్య ఖాళీల్లోనే మోగాలి. బేస్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగితే గిటార్ అడుగు తీగ 82 దగ్గర ఉంటుంది. నేను గర్వపడే నా గిటార్ లావు టోనే బేస్ మీదా, సింగర్ మీదా కూర్చుంటోంది. హెచ్చు తగ్గు స్థాయిలను విడివిడిగా సరిచేసే ఈక్యూలో అడుగు శబ్దాలు కోయించాను. ఒంటరిగా వింటే పీలగా, నీరసంగా ఉండేది. అందరూ కలిసి వాయిస్తే ప్రతి అక్షరం వినబడింది.

రికార్డు చేసిన తప్పెట ముక్క, అదే శాంపిల్, కూడా అతికిస్తే వైరల్ అవుతుందని ఒకరు సలహా ఇచ్చారు. వద్దన్నాం. పొలం ఎరగని మేము తలపాగా చుట్టుకున్నట్టు ఉంటుందనిపించింది.

రెండో గిటారిస్టు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాడు. బదులు ఎవర్నీ తీసుకోలేదు. ఇప్పటి పాటల్లో అతని జాగా ఖాళీగా ఉంటేనే బాగుంది, ఆ మాట అతనే ఫోన్లో అన్నాడు. సిరిపురం కేఫ్‌లో వాయిస్తే సినిమా పాట అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒకటి వాయిస్తాం, కానీ మా ఆరు లెక్కలోనే.