రేకు కారును తిరగేసి చూడండి

పాత రేకు బొమ్మ కారు కనిపిస్తే అందరూ ముందు పైన రంగు ఎంత మిగిలిందో చూస్తారు, నేను మాత్రం వెంటనే తిరగేస్తాను. ఎలా చేశారో తెలిసేది అడుగునే.

ఆ కారు మీది తలుపు గీతలు, దీపాలు, కిటికీలో డ్రైవరు మొహం, ఇవేవీ కారు తయారయ్యాక వేసినవి కావు. పల్చటి ఉక్కు రేకుకి తుప్పు పట్టకుండా తగరం పూత పూసి, అది ఇంకా చదునుగా ఉన్నప్పుడే లితోగ్రఫీ అనే అచ్చు పద్ధతితో చిత్రమంతా వేసేవాళ్లు, ఆ తర్వాతే ప్రెస్సులో కత్తిరించి డై (ఆకారమిచ్చే మూస) మీద నొక్కి వంపులు తెచ్చేవాళ్లు. అంటే రేకు వంగాక తలుపు గీత ఎక్కడికి జరుగుతుందో, మూల దగ్గర సాగితే దీపం ఆకారం ఏమవుతుందో ముందే లెక్కేసుకుని గీయాలి, అదీ కంప్యూటర్ లేని రోజుల్లో! అంతకుముందు రంగులన్నీ చేత్తోనే వేసేవాళ్లు. రేకు మీద అచ్చు వేసే ఆఫ్‌సెట్ యంత్రానికి (సిరాను ముందు ఒక సిలిండరు మీదికి, అక్కడి నుంచి రేకు మీదికి దించేది) రాబర్ట్ బార్క్లే ఇంగ్లండులో 1875లో పేటెంట్ తీసుకున్నాడు, ఆ పద్ధతి బొమ్మల ఫ్యాక్టరీల్లోకి వచ్చాక ఒకే డిజైన్‌ను వేలల్లో చౌకగా తీయడం కుదిరింది.

ఇక అతికించడం ఇంకా సులువు. ఒక ముక్క అంచున చిన్న చిన్న నాలుకలు, రెండో ముక్కలో సన్నటి సందులు, దూర్చి మడిచేస్తే పని అయిపోయినట్టే. కారు తిరగేస్తే కనిపించేవి ఇవే.

ఈ పనిలో జర్మనీది, అందులోనూ న్యూరెంబర్గ్‌ది పెద్ద చెయ్యి. అక్కడి బింగ్ అనే బొమ్మల కంపెనీ ఒకప్పుడు ఎంత పెద్దదో, 1930ల మొదట్లో అంత త్వరగా మూతపడింది. నాకు ఇష్టమైనది మాత్రం అదే ఊరి షుకో కంపెనీ. 1936లో వాళ్లు తెచ్చిన ఎగ్జామికో అనే చిన్న బీఎండబ్ల్యూ స్పోర్ట్స్ కారుకి నాలుగు గేర్లు, న్యూట్రల్, రివర్స్, పైగా క్లచ్ కూడా. ఇది పిల్లల కోసం చేశారా, ఇంజనీర్లు తమ సరదా తీర్చుకున్నారా అని ఇప్పటికీ నా అనుమానం.

అయినా అన్నిటికన్నా నన్ను కట్టిపడేసేది జపాన్ కథే. యుద్ధం ముగిసిన 1945 డిసెంబరులో, తినడానికే కరువుగా ఉన్న రోజుల్లో, క్యోటో పక్కనున్న ఓట్సులో కొసుగె మత్సుజో అనే బొమ్మల తయారీదారు అమెరికా సైనికులు తిని పారేసిన డబ్బాల రేకుతో చిన్న జీపు చేశాడు. ఏ సైన్యం ఊళ్లో తిరుగుతోందో ఆ సైన్యం జీపే! క్యోటోలో 10 యెన్లకి అమ్మకానికి పెడితే జనం ఎగబడి కొన్నారు. ఆ తర్వాత ఎగుమతులు మొదలయ్యాయి, 1952లో అమెరికా సైన్యం ముందుండి నడిపిన ఆక్రమణ ముగిసేదాకా జపాన్ నుంచి వెళ్లిన చాలా బొమ్మల మీద ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ అన్న ముద్ర కనిపిస్తుంది. అందుకే అది ఉన్న కారు ఏ కాలానిదో పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. 1950లకి వచ్చేసరికి మారుసాన్, బందాయ్, యోనెజావా లాంటి కంపెనీలు అమెరికా కార్లనే అచ్చు గుద్దినట్టు చేసి అమెరికాకే అమ్మాయి. చాలావాటిలో స్ప్రింగు బిగించే కీ కూడా ఉండదు, లోపల ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది, నేల మీద రెండుసార్లు గట్టిగా తోసి వదిలితే గుర్రుమంటూ పోతుంది.

తర్వాత ప్లాస్టిక్ వచ్చింది, కరిగించిన లోహాన్ని మూసలో పోసి చేసే డై-కాస్ట్ కార్లు వచ్చాయి, రేకు అంచులు వేళ్లు కోస్తాయన్న భయమూ తోడైంది. 1960ల తర్వాత రేకు కార్ల జోరు తగ్గిపోయింది.

కొనే ఆలోచన ఉంటే ముందు ఆ నాలుకలు చూడండి. రేకు నాలుకను ఒకసారి మడవచ్చు, విప్పి మళ్లీ మడిస్తే పగులు వస్తుంది, మూడోసారికి ఊడి చేతికొస్తుంది. పగిలిన నాలుకలుంటే ఎవరో విప్పారన్నమాటే, లోపల స్ప్రింగో గేరో మారి ఉండొచ్చు. గీతలు పడ్డాయని పైన కొత్త పెయింట్ మాత్రం వేయకండి, అసలు అచ్చు పోతే ఇక తిరిగి రాదు. బ్యాటరీతో నడిచే రకమైతే సెల్స్ తీసేసి దాచండి, అవి కారితే ఆ ద్రవం రేకును లోపలి నుంచి తినేస్తుంది.