ఏ గడిలో రాయాలె

పదకొండు దాటింది. బుడ్డోడు అడ్డం తిరిగి పడుకొని మంచమంతా వాడే ఆక్రమించిండు. పొద్దుగాల మునుగోడు బస్సు పట్టుకోవాలె, అయినా నిద్ర వస్తలేదు.

నిన్న అంత సంబరంగా రాసిన కదా. వాడు కుర్చీ కాలు ఇడిచిపెట్టి నా దిక్కు ఐదడుగులు వేసిండని, ఆరో అడుగుకు ధబీమని కూలబడి వాడికి వాడే చప్పట్లు కొట్టుకున్నడని. మొదటిసారి నడిచిండని.

అది మొదటిసారి కాదట.

ఇయ్యాల బస్సు దిగి గల్లీ మూల మీద టమాటాలు ఏరుకుంటుంటే అంగన్‌వాడి ఆయా కలిసింది. "మేడమ్, మీవోడు మస్తు హుషారు. సోమారం బరువు చూసేటందుకు తీస్కొస్తే మీ అత్తమ్మ చెయ్యి ఇడిపిచ్చుకొని గుడ్ల ట్రే కాడికి నడిచిండు" అన్నది. సోమవారం. నేను చూసింది బుధవారం. నవ్విన. టమాటాలు తూకం వేయించుకున్న, బేరం కూడ ఆడలే.

ఇంటికొచ్చి అడిగితే అత్తమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంట, తల ఎత్తకుండనే, "అవు, నడిచిండు. నువ్వు చూసినంక చెప్దామనుకున్న" అన్నది.

మరి నిన్న? నేను కేకేస్తే వంటింట్ల నుంచి ఉరికొచ్చి, "అమ్మో, నడుస్తుండే!" అని రెండు చేతులు చెంపలకు పెట్టుకున్నది కదా, అదంతా ఏంది? ఆమెకు ఇంత నటన వస్తదని ఆరేండ్ల కాపురంల నాకు తెల్వదు. ఆయాకు తెలుసు, ఎనక ఇంటామెకు తెలుసు. పొద్దున పాలాయనకు నేనే ఎదురుపోయి చెప్పిన, మావోడు నడుస్తున్నడని. "అట్లనా మేడమ్" అన్నడు, కండ్లు పెద్దగ చేసి. ఆయనకూ తెలుసు. నడిచినోడు నా కొడుకు, తెలిసింది గల్లీ మొత్తానికి, నేను మాత్రం బస్సుల కిటికీ పక్క సీటుకు కొట్లాడుకుంట కూసున్న.

పదమూడు నెలలకు ఇంకా నడుస్తలేడా అని ఫోన్లు చేసిన చుట్టాలందరికీ బదులు చెప్పింది నేనే. 8 నెలల నుంచి దగ్గర దగ్గర 18 నెలల దాకా ఎప్పుడు నడిచినా మామూలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లనే లెక్కగట్టి చెప్పిందని పెండ్లి భోజనాల కాడ కూడ పాఠం చెప్పిన. తీరా నడిచిన రోజు నాకు చెప్పాలని ఎవ్వరికీ అనిపియ్యలే. చెప్తే ఏమైతుండె? ఏడుస్తుంటినేమో. ఏడిస్తే ఏడుస్త, అది కూడ నాదే కదా.

ఇదంతా అనుకుంటుంటే మా అమ్మ యాదికొచ్చింది.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు. ఆ ఊర్లల్ల బిడ్డ నడిస్తే సంబరం ఒక పూట, దిగులు ఏండ్లకేండ్లు. తమ్ముడు నడిచేనాటికి నాకు ఏడేండ్లు, బాగ యాదికున్నది. వాణ్ని గోడకు నిలబెట్టి, మడమలు రెండు దగ్గరికి చేర్చి, మోకాళ్ల సందుల వేళ్లు పెట్టి చూసేది అమ్మ. రెండు వేళ్లు పడితే ఊకునేది. మూడు పడితే ఆ రాత్రి సరిగ తినకపోయేది. బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు వంగుతయి; మా వాడకట్టుల దొడ్డికాళ్ల పిల్లలున్నరు, నలభై ఏండ్లకే నడుము వంగి నేలను చూసుకుంట నడిచేటోళ్లున్నరు. అందుకని బోరు నీళ్లు పొయ్యి మీద కళపెళ మరగబెట్టి, సల్లార్చి మాకు తాపేది. మరగబెడితే ఫ్లోరైడ్ పోదని, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకింత చిక్కబడ్తదని నేను డిగ్రీల చదువుకొని వచ్చి చెప్పిన, ఏదో గొప్ప సంగతి చెప్తున్నట్టు. అమ్మ ఏమనలే. చానా సేపు పొయ్యి దిక్కే చూసింది. ఇప్పుడైతే ఆ మాట నోట్లనే మింగుతుంటి.

పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా మా నల్లగొండ పేరే పెట్టుకున్నది. మా ఇంట్ల పటిక గడ్డ మాత్రం నాన గడ్డం గీసుకున్నంక రుద్దుకునేటందుకే. నా పండ్ల మీది గోధుమ చారలు ఆ బోరువే. పెండ్లి ఫోటోలల్ల ఒక్కదాంట్ల కూడ నోరు తెరిచి నవ్వలే.

బుడ్డోడు పుట్టేటప్పటికి నల్లాల కృష్ణ నీళ్లు. వాడికి ఆ నల్లానే ఆట. ధారను గుప్పిట్ల పట్టుకుంటడు. గుప్పిట తెరిస్తే ఏం ఉండదు. చెయ్యి తిప్పి ఎనక కూడ చూసుకుంటడు. తర్వాత నా దిక్కు చూస్తడు, నేనే తీసి దాచిపెట్టిన అన్నట్టు.

నిన్న ఒకటి రాయలే. వాడు పడుకున్నంక, లైటు ఆర్పే ముందు, వాడి మడమలు దగ్గరికి చేర్చి వేళ్లు పెట్టి చూసిన. మూడు పట్టినయి. రెండేండ్ల దాకా పిల్లల కాళ్లు కొంచెం బయటికి వంగే ఉంటయని, తర్వాత అవే సక్కగైతయని తెలుసు, పిల్లల డాక్టరును రెండుసార్లు అడిగిన. అయినా ఇంకోసారి కొలిచిన.

అత్తమ్మది చండూరు దిక్కు, అక్కడ కూడ ఫ్లోరైడ్ నీళ్లే. ఆమె కూడ వేళ్లు పెట్టి చూసిందా? రెండు రోజులు ఆగింది నా కోసమా, కొలుచుకునేటందుకా? అడుగను. అడిగితే ఇంకోసారి నటిస్తది.

సరే, నేనేం తక్కువ తిన్ననా? మూడు నెలల కింద, బుడ్డోడు మొదాలు అన్న మాట "నాన" అని ఆయనకు ఫోన్ల చెప్పింది నేనే. హైదరాబాద్‌ల రూముల ఒక్కడే ఉంటడు, వినంగనే కొద్దిసేపు మాట రాలే ఆయనకు. వాడు అసలు అన్నది "కాక". కాకిని చూసి. ఇప్పటికీ చెప్పలే, శనివారం వచ్చినంక కూడ చెప్పను. అత్తమ్మ ఆ పూట పక్కనే ఉన్నది. ఒక్క మాట అనలే. ఈ లెక్కన మేమిద్దరం ఒకరికొకరం బాకీ లేము.

కాని పాలాయనకు చెప్పుడు మాత్రం తప్పే. పాలాయనకు నాకంటే ముందు ఎట్ల చెప్తరు?

తల్లీబిడ్డల కార్డుల రాయాలె, క్యాలెండర్ మీద కూడ రాయాలె. నిన్ననే బుధవారం గడిల "నడిచిండు" అని ఎర్ర పెన్నుతో రాసిన. ఇందాక పోయి కొట్టేద్దామని చూసిన. సోమవారం గడిల "సిలిండర్ వచ్చింది" అని నా చేతి రాతనే ఉన్నది, కింద అత్తమ్మ పాలు రాని రోజుకు పెట్టే సున్నా. ఇంకోటి రాయడానికి జాగ లేదు.