రెండు కుండల బాకీ

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకి ఏదైనా రాసివ్వమని మూడుసార్లు గుర్తు చేశారు. రిషి వ్యాలీ బడి అనగానే అందరూ దాన్ని పెట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి గారి గురించో, అక్కడి మర్రిచెట్టు గురించో రాస్తారు, నేనూ అదే మొదలుపెడితే మీరు పేజీ తిప్పేస్తారు. నిజం చెప్పాలంటే ఆ వయసులో ఆయన మాటలు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. 1895లో మన మదనపల్లెలోనే పుట్టారనీ, తన కోసం పెట్టిన సంఘాన్ని 1929లో తానే రద్దు చేసి గురువుగా ఉండనన్నారనీ తెలుసు, అంతే. నా బుర్రకెక్కిందేదైనా ఉంటే అది కుండలు చేసే మట్టి షెడ్డులోనూ, కొండ నడకల్లోనూ ఎక్కింది. అదీ సగం సగమే.

నడకల్లో నేను ఉత్త లెక్కల మనిషిని. బైనాక్యులర్ మెడలో వేసుకుని, పిట్ట కనపడగానే పేరు రాసుకోవడం, ఇవాళ ఎన్ని వచ్చాయో చూసుకోవడం. దక్షిణాది రాతి కొండల్లో తప్ప ఇంకెక్కడా ఉండని పసుపు గొంతు బుల్బుల్ మన బండల మధ్య తిరిగేది కదా, దాన్ని మొదటిసారి చూసినప్పుడు కూడా ముందు పుస్తకం తీసి టిక్కు పెట్టాను, తలెత్తేసరికి అది లేదు. టిక్కు మాత్రం ఇప్పటికీ ఉంది. పిట్ట ఎలా ఉందో అడిగితే చెప్పలేను.

మట్టి దగ్గర ఆ టక్కు పనిచేయలేదు. సారె మీద ముద్ద పెట్టి తిప్పితే అది అటూ ఇటూ ఊగుతుంది, బలం పెట్టి అణిచేకొద్దీ ఇంకా మొండికేస్తుంది. మోచేయి తొడకి ఆనించి, చేతులు కదలకుండా పెట్టి, మట్టినే చేతుల్లోకి రానివ్వాలి. నాకు ఇది పట్టుబడటానికి ఒక టర్మ్ మొత్తం పట్టింది. ఒకరోజు ఉన్నట్టుండి ముద్ద ఊగడం ఆగిపోయింది, తిరుగుతోందో ఆగి ఉందో కంటికి తెలియనంత నిశ్చలంగా. ఆ అరనిమిషం నేనేమీ లెక్కపెట్టలేదు. "ఆహా" అనుకున్నానో లేదో వంకర పోయింది, అది వేరే సంగతి.

ఇంకోసారి, ఆరబెట్టిన ఆరు కుండల్లో బట్టీలోకి ఒక్కటే పెట్టు, చోటు లేదన్నారు మట్టి పని నేర్పే సారు. మిగతా ఐదు? బకెట్‌లో వేసెయ్యమన్నారు. ఏడుపొచ్చింది. వేశాక మాత్రం అక్కడి నుంచి కదల్లేకపోయాను. ఎండిన పచ్చికుండ నీళ్లలో పడగానే బుడబుడమని గాలి బుడగలు, తర్వాత అంచు పొరలు పొరలుగా విడిపోయి జారడం, నేను గోటితో గీసిన పూల గీత ముందు పోయింది, ఆనక మెడ, పావుగంటకి అడుగున మెత్తటి బురద. ఎవరూ దాన్ని కొట్టలేదు, పగలగొట్టలేదు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారే, ఇక్కడ ఆ దుడ్డుకర్ర కూడా అక్కర్లేకపోయింది. ఆ బురదతోనే మర్నాడు ఇంకెవరో గిన్నె చేశారు. కాల్చిన కుండకి మాత్రం ఆ దారి లేదు. ఐదారు వందల డిగ్రీలు దాటితే మట్టిలో ఇమిడి ఉన్న నీరు కూడా పోతుంది, ఇక ఎన్నేళ్లు నానబెట్టినా పెంకు పెంకే. తవ్వకాల్లో వేల ఏళ్ల నాటి పెంకులు దొరికేది అందుకే.

ఆ దాచుకున్న ఒక్క కుండే కొంప ముంచింది. అడుగు మందంగా ఉంది, లోపల తడి ఆరలేదు, నాకేమో తొందర, ఆరిందని చెప్పేశాను. బట్టీలో ఆ తడి ఆవిరై కుండ పేలింది. పక్కనే ఉన్న నా రూమ్మేట్‌వి రెండు కుండలు, వాళ్లమ్మకి ఇద్దామని నెల రోజులు కూర్చుని చేసినవి, వాటిని కూడా తీసుకుపోయింది. వాడు నన్ను తిట్టలేదు. మాట్లాడటం మానేశాడు. సారీ చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నాలుగో రోజో ఐదో రోజో సాయంత్రం అస్తాచల్‌కి, అంటే అందరం మౌనంగా కూర్చుని సూర్యాస్తమయం చూసే చోటికి, ఆలస్యంగా వెళ్లాను, చేతులు కూడా కడుక్కోలేదు. బండ మీద ఖాళీ ఉన్నది వాడి పక్కనే. అక్కడ మాట్లాడకూడదు కాబట్టి ఇద్దరికీ బతికిపోయినట్టయింది. సూర్యుడు కొండ వెనక్కి దిగుతుంటే నా వేళ్ల మీద మట్టి ఆరి చర్మాన్ని పట్టి లాగుతోంది, వేలు మడిస్తే సన్నగా నెర్రెలు, చిన్న చిన్న పెచ్చులు రాలుతున్నాయి. వాడు దాన్నే చూస్తున్నాడు, సూర్యుణ్ణి కాదు. కాసేపటికి చెయ్యి చాచి నా బొటనవేలి మీది పెచ్చు ఒకటి గోటితో ఊడబీకాడు. తర్వాత ఇంకొకటి. అలా చీకటి పడేదాకా. కిందికి దిగుతూ "ఒరేయ్, రెండు కుండలు బాకీ" అన్నాడు.

ఇప్పుడు వాడు ఎక్కడో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు, వాట్సాప్‌లో నా ప్రతి పుట్టినరోజుకీ అదే మెసేజ్ పెడతాడు. ఈసారి కలుసుకునేటప్పుడు ఇచ్చేద్దామని రెండు నెలలుగా ఆదివారాలు ఒక స్టూడియోకి వెళ్లి మళ్లీ సారె ముందు కూర్చుంటున్నాను. రెండు చేశాను. ఒకటి మొన్న ఆరబెట్టిన చోటే బీటలిచ్చింది, బకెట్‌లో వేశాను, నానుతోంది.